తప్పు కొట్టని వేళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో దుర్మార్గుడు లేడు. ఉంటే బాగుండేది. దుర్మార్గుడైతే వాడి ఇంటిముందు బైఠాయించొచ్చు, దిష్టిబొమ్మ తగలబెట్టొచ్చు. ఇక్కడ ఉన్నది ఒక మంచి శాస్త్రవేత్త, ఒక మంచి ఆలోచన, దానికి చప్పట్లు కొట్టిన బోలెడుమంది మంచి మనుషులు. వీళ్ళంతా కలిసి ఒక తల్లిని మనిషి కాదని తేల్చారు.

శాస్త్రవేత్త పేరు శ్రీకంఠ్. హైదరాబాదులో ప్రయోగశాల. అప్పటికి యంత్రాలు అన్నీ నేర్చేసుకున్నాయి. వంకర అక్షరాలు చదవమంటే చదివాయి. బొమ్మల్లో బస్సులు ఎక్కడున్నాయో చూపించమంటే మనకంటే ముందే చూపించాయి. గొంతులు కూడా దొంగిలించాయి. శ్రీకంఠ్ తల్లికి ఒకరోజు అచ్చం కొడుకు గొంతుతో ఫోనొచ్చింది, ఆపదలో ఉన్నాను కాపాడమ్మా అని. ఆవిడ ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసింది. మాట్లాడింది యంత్రం. ఆ తర్వాత నిజం కొడుకు ఫోన్ చేసినా ఆవిడ ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు. యంత్రం ఎన్నటికీ నేర్చుకోలేనిది మనిషిలో ఒక్కటైనా ఉండకపోతుందా అని అతను వెతకడం మొదలుపెట్టింది అప్పుడే.

దొరికింది. తొట్రుపాటు.

మనిషి ఒక వాక్యం టైపు కొడుతుంటే ఎక్కడో ఆగుతాడు. వేలు జారుతుంది. వెనక్కెళ్ళి దిద్దుకుంటాడు. పక్క గదిలో పిల్లాడు ఏడిస్తే చెయ్యి తటపటాయిస్తుంది. యంత్రం తప్పులు చేసినా లెక్క ప్రకారం చేస్తుంది. అందుకని మీరేం కొట్టారన్నది అతని పరీక్షకి అక్కర్లేదు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య మీ వేలు ఎంతసేపు గాల్లో తచ్చాడిందో అది చాలు.

ప్రయోగానికి వేలమంది చేతులు కావాల్సొచ్చాయి. అక్కడ కొలతలు తీసే ఉద్యోగం చేస్తున్న ఎస్తేరు నరసరావుపేట పిల్ల. చుట్టాలందర్నీ బతిమాలి పట్టుకొచ్చింది. అట్లా ఆమె అన్న దావీదు, వదిన సువార్త కూడా వచ్చారు. ఇద్దరూ పుట్టుగుడ్డివాళ్ళు. మర్యాద మాటలు వేరే ఉన్నాయి, నాకు తెలుసు. వాళ్ళు మాత్రం తమని గుడ్డివాళ్ళమనే అనుకుంటారు, నేనూ అదే రాస్తాను. ఇద్దరూ కోర్టులో టైపిస్టులు. సాక్షి చెప్పింది చెవిలో వింటూ కొట్టాలి. పల్నాటి మనిషి కోపంలో మాట్లాడితే యంత్రానికి సగం తలకెక్కదు, కాబట్టి ఆ పని ఇంకా మనుషులకి మిగిలింది.

సువార్త పరీక్ష కీబోర్డు ముందు కూర్చుంది. చెవిలో వాక్యం వినిపించింది. వేళ్ళు ఆడాయి. గోడగడియారం నడిచినట్టు ఒకే వేగం, ఒకే బరువు. తెర మీద మిగతావాళ్ళ గీతలన్నీ గుట్ట మీద మేకలు నడిచిన దారిలా వంకరలు పోతే, ఈమెది దువ్వెన పళ్ళలా వచ్చింది.

"ఎవరో ఇందులో యంత్రాన్ని కలిపారు. తీసెయ్యండి," అన్నాడు శ్రీకంఠ్.

"యంత్రం కాదు సార్. మా వదిన."

అతను తిరిగి చూశాడు. సువార్త కుర్చీలో కూర్చుని కొంగులో వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

"మీ వదినగారు చాలా బాగా కొడతారు," అని నవ్వాడు. "ఇలాంటివి ఎక్కడో ఒకటో రెండో వస్తాయమ్మా. ఉంచితే మొత్తం లెక్క చెడుతుంది. తీసెయ్యండి."

ఎస్తేరు తీసేసింది. దావీదుది కూడా అచ్చం అలాగే వచ్చింది, అదీ తీసేసింది.

బస్టాండుకి పోతూ దావీదు అడిగాడు, "ఎట్టా కొట్టామే ఎస్తేరూ?"

"బ్రహ్మాండంగా కొట్టారన్నయ్యా."

"మరేమనుకున్నావ్! శౌరయ్య మాస్టారి శిష్యులం!"

ఆ మాస్టారి గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గుడ్డిపిల్లల బడిలో టైపు నేర్పేవాడు, ఆయనా గుడ్డివాడే. చెక్కబద్దతో బల్ల మీద కొట్టేవాడు. దెబ్బకొక అక్షరం. ముందు పడకూడదు, వెనక పడకూడదు. ఒక్క తప్పు పడిందా, కాగితం లాగేసి మొదట్నుంచీ కొట్టించేవాడు. పిల్లలు ఏడిస్తే ఒకటే మాట: "చూపున్నోడు తప్పు కొడితే పొరపాటంటారు. నువ్వు కొడితే గుడ్డిది గదా అంటారు. పొరపాటు పడే హక్కు నీకు లేదమ్మాయ్. కొట్టు."

కొట్టారు. అట్లా కొట్టి కొట్టి ఉద్యోగాల్లోకి దూరారు. ఆ బడిలో పెళ్ళాం మొగుడు అయినవాళ్ళు కూడా ఒకళ్ళ వేళ్ళ చప్పుడు ఒకళ్ళు విని మనసు పడ్డవాళ్ళే. సువార్త, దావీదూ అంతే.

*

పరీక్షకి 'స్పర్శ' అని పేరు పెట్టారు. పెద్ద సభ జరిగింది. గుడ్డివాళ్ళ సంఘం అధ్యక్షుడు స్వయంగా శ్రీకంఠ్‌కి శాలువా కప్పాడు. "ఏళ్ళ తరబడి బొమ్మలు గుర్తుపట్టమని మమ్మల్ని తలుపుల బయట నిలబెట్టారు. గరగరమనే శబ్దంలో అంకెలు వినమన్నారు, చెవిటివాళ్ళకి అదీ లేదు. వేలుంటే చాలన్న మొదటి మనిషి మీరే సార్," అన్నాడు. హాలంతా చప్పట్లు. వేళ్ళు లేనివాళ్ళ సంగతేమిటని ఆ రోజు ఎవరూ అడగలేదు.

మొదట్లో వికలాంగులకి మినహాయింపు ఉండేది. పరీక్ష కుదరకపోతే 'నేను వికలాంగుణ్ణి' అన్న మీట నొక్కితే తలుపు తెరుచుకునేది. నెల తిరక్కుండా దేశంలో గుడ్డివాళ్ళు కోట్లయ్యారు. అందరూ యంత్రాలే. మినహాయింపు ఎత్తేశారు, పరీక్ష బిగించారు. మోసం చేసిందెవరు, శిక్ష పడిందెవరికి? మీరే చూసుకోండి.

రేషను, కరెంటు, బస్సు, బ్యాంకు, అన్నిటికీ స్పర్శ వచ్చింది. సువార్తని, దావీదునీ అది మొదటి రోజు నుంచే రానివ్వలేదు. తెర మీదివి చదివి వినిపించే గొంతుతో ఏదో తేడా వస్తోందనుకున్నారు, ఫోనుది తప్పనుకున్నారు, మనుషులు కదా, ముందు తమదే తప్పనుకున్నారు. ఎస్తేరుకి చెబుదామంటే దావీదు ఒప్పుకోలేదు. "పెద్ద ఉద్యోగంలో ఉంది, ప్రతిదానికీ దాని పీకలమీద కూర్చుంటామా?" ఏ పని పడినా పక్కింటి అమ్మాయి చేత కొట్టించుకుని సరిపెట్టుకున్నారు.

కూతురు కెజియా పుట్టేదాకా అలా గడిచింది.

చూడటానికొచ్చిన నర్సమ్మ పాపని వెలుతుర్లోకి ఎత్తి చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికే సువార్తకి తెలిసిపోయింది.

"ఏంది నర్సమ్మా? చెప్పు."

"నల్లగుడ్డు మధ్యలో పాలచుక్కలాగా ఉందమ్మా. రెండు కళ్ళకీ. గుంటూరు తీసుకుపోండి."

గుంటూరులో కంటి డాక్టరమ్మ చూసింది. పుట్టుశుక్లాలు. తీసేస్తే చూపొస్తుంది. "కన్ను బాగుచెయ్యడం పెద్ద పని కాదమ్మా. చూడటం మెదడు నేర్చుకోవాలి. అది నేర్చుకునే వయసు ఇదే. ఇప్పుడు వెలుతురు లోపలికి పోకపోతే, తర్వాత కన్నుని అద్దంలా చేసిచ్చినా మెదడు దాన్ని పట్టించుకోదు. ఆలస్యం చెయ్యొద్దు."

"చెయ్యం. ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

"తల్లి గానీ తండ్రి గానీ అనుమతి ఇవ్వండి. కింద స్పర్శ ద్వారం దగ్గర. అది ఒప్పుకుంటేనే నాకు ఆపరేషన్ గది తాళం తెరుచుకుంటుంది."

ఈసారి పక్కింటి అమ్మాయి చెయ్యి కుదరదు. ముఖాన్ని కెమెరా చూస్తుంది, చేతిని కీబోర్డు చూస్తుంది. రెండూ ఒకరివే కావాలి.

ద్వారం దగ్గర కౌంటర్లో నాగూర్‌బీ అనే అమ్మాయి కూర్చుంటుంది. ఆమె సువార్త చేతిని కీబోర్డు మీద పెట్టింది. చెవిలో వాక్యం వినిపించింది. సువార్త కొట్టింది.

'మీ స్పర్శ మానవ స్పర్శగా నిర్ధారణ కాలేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి.' తియ్యటి ఆడగొంతు.

సువార్త చెయ్యి దులుపుకుంది. "పాపనెత్తుకుని చెయ్యి మొద్దుబారింది. ఉండు, శుభ్రంగా కొడతా." మళ్ళీ కొట్టింది, ఇంకా శుభ్రంగా. మాస్టారి బద్ద చెవిలో మోగుతున్నట్టే కొట్టింది.

'నిర్ధారణ కాలేదు.'

"జరుగు, నేను కొడతా," అన్నాడు దావీదు. "నీ బడాయి తగలెయ్య, నా కంటే నువ్వు బాగా కొడతావా?" అంది సువార్త, కానీ జరిగింది. దావీదు వేళ్ళు విరుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి, పరీక్ష హాల్లో పిల్లాడిలా కొట్టాడు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. అతనికీ అదే జవాబు.

వాళ్ళు చేసిన తప్పల్లా అదే. మనిషినని ఒప్పించాలంటే తప్పు లేకుండా చెయ్యాలనుకున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ లోకం వాళ్ళకి నేర్పింది అదే మరి. ప్రతిసారీ ఇంకా బాగా కొట్టినకొద్దీ ఆ ద్వారానికి అనుమానం పెరిగింది. చివరికి 'ఈ ఖాతాలు తాత్కాలికంగా నిలిపివేయబడ్డాయి' అంది.

"అమ్మాయ్," అంది సువార్త నాగూర్‌బీతో. "నేను నీ ఎదురుగానే ఉన్నానా?"

"ఉన్నారక్కా."

"మనిషిలాగే ఉన్నానా?"

"అట్టా అంటారేందక్కా. మీరు మనిషేనని నాకు తెలుసు. దానికి తెలియాలి గదా."

"నువ్వు చెప్పరాదా దానికి?"

"నేను చెబితే వినే మీట తీసేశారక్కా," అంది నాగూర్‌బీ.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు. మనిషితో మాట్లాడాలంటే ముందు మీరు మనిషని నిర్ధారించుకోండి అంది అదే తియ్యటి గొంతు. దావీదు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఏడుపు కంటే అన్యాయంగా ఉంది.

*

ఇక తప్పక దావీదు ఎస్తేరుకి ఫోన్ చేశాడు. ఆమె వాళ్ళ గీతలు తెరిచి చూసింది. చూడగానే గుర్తుపట్టింది. దువ్వెన పళ్ళు.

సరాసరి శ్రీకంఠ్ గదిలోకి పోయింది. "సార్, ఇది మా వదిన. అది మా అన్నయ్య. ఆ రోజు మనం తీసేసినవాళ్ళు. పాపకి ఆపరేషన్ ఆగిపోయింది. ఈ రెండిటికీ తలుపు తియ్యండి."

శ్రీకంఠ్ గీతల్ని చాలాసేపు చూశాడు. అతనికీ బాధ కలిగింది, నేను కాదనను. "ఎస్తేరుగారూ, నేను చేత్తో తీసే తలుపు ఇందులో ఒక్కటి కూడా లేదు. కావాలనే పెట్టలేదు. ఒక్కటి పెడితే దాన్ని అమ్మేవాడొకడు, కొనేవాడొకడు తయారవుతారు. మినహాయింపు ఇచ్చినప్పుడు ఏమైందో చూశారుగా."

"అయితే పరీక్షని కొంచెం వదులు చెయ్యండి."

"వీళ్ళ గీత పట్టేంత వదులు చేస్తే యంత్రాలన్నీ అందులోంచే వస్తాయి. ఎంతమంది తల్లులు మా అమ్మలాగా అవుతారో ఆలోచించారా? లక్షమందిలో ఒక్కరు..."

"ఆ ఒక్కరు మా వదిన సార్."

"ఎవరో ఒకరి వదినే అవుతారమ్మా ఎప్పుడూ." నెమ్మదిగానే అన్నాడు. తర్వాత ముఖం వెలిగింది, ఉపాయం తట్టింది. "ఒక పని చెయ్యండి. అభ్యాసం కీబోర్డు ఒకటి ఇంటికి తీసుకెళ్ళండి. ఆవిడకి తొట్రుపడటం నేర్పండి."

మెట్లకి బదులు ర్యాంపు కట్టండి అంటే, నీకు మెట్లెక్కడం నేర్పుతానన్నట్టుంది. కానీ ఎస్తేరుకి వేరే దారి లేదు. కీబోర్డు పట్టుకుని నరసరావుపేట బస్సెక్కింది.

*

శౌరయ్య మాస్టార్ని పిలిపించారు. ముసలాయన దావీదు భుజం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు, విషయం విన్నాడు, మండిపడ్డాడు.

"మీ వేళ్ళు తిన్నగా చెయ్యడానికి నా జన్మంతా అయిపోయింది. ఇప్పుడు వంకర చెయ్యమంటారా? ఏ గాడిద పెట్టాడురా ఈ పరీక్ష?"

"గాడిద కాదు మాస్టారూ, డాక్టరేట్," అన్నాడు దావీదు.

"అదే అంటున్నా."

ఒడిలో కెజియా నిద్రపోతోంది. సువార్త బిడ్డని పక్కన పడుకోబెట్టి కీబోర్డు ముందుకు జరిగింది. మాస్టారు చెక్కబద్ద తీశాడు. ఈసారి ఎడాపెడా కొడతానన్నాడు, తాళం తప్పిస్తానన్నాడు. మొదటి వరస గడబిడగా కొట్టాడు. రెండో వరసకి ఆయన చెయ్యి తనంతట తాను తిన్నగా అయిపోయింది. సువార్త వేళ్ళు దాంతో కలిసిపోయాయి. గది నిండా పాత తరగతి చప్పుడు.

'యంత్రం,' అంది కీబోర్డు.

"వదినా, తప్పు కొట్టు," అంది ఎస్తేరు.

"కొట్టానుగా."

"నాలుగు అక్షరాలకొకటి చొప్పున కొట్టావు. దానికి లెక్క తెలిసిపోద్ది. నువ్వు చెయ్యాలని చేస్తే తప్పు కాదు. నీకు తెలియకుండా జరగాలి."

"తెలిసిన వేళ్ళతో తెలియకుండా ఎట్టా చెయ్యాలే?"

దావీదు ఎడమచేతికి తొడుగు వేసుకుని కొట్టాడు. మోచేత్తో కొట్టాడు. పప్పన్నం తిన్న చేత్తో కొట్టబోతే సువార్త ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "ఎస్తేరు ఉద్యోగం ఊడగొడతావా ఏంది?" అందరూ నవ్వారు. కీబోర్డు మాత్రం మాట మార్చలేదు. మోచెయ్యి దెబ్బకి కొత్త మాట కూడా చెప్పింది: 'మానవ అనుకరణ.' అంటే మనిషినని నటిస్తున్న యంత్రం. మామూలు యంత్రం కంటే అది పెద్ద నేరం.

మాస్టారు బద్ద కింద పెట్టేశాడు. "అమ్మాయ్, నీకు పొరపాటు పడే హక్కు లేదని చెప్పేవాణ్ణి గుర్తుందా? ఇప్పుడు పొరపాటు పడితేనే మనిషంట. వీళ్ళ రూలు ఒకటి నేర్చుకునేలోపు ఇంకోటి పెడతారు." చేతులు చాపి, "పాపని ఒకసారి ఇట్టా ఇవ్వండి," అని ఎత్తుకుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

ఆ తర్వాత రోజుల అభ్యాసంలో ఒకటి రెండుసార్లు మనిషేనని పచ్చదీపం వెలిగిందని ఎస్తేరు చెప్పింది. ఆ ఆశతోనే ఆమెని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళారు. నిలిపివేసిన ఖాతాలు అప్పటికి తెరుచుకున్నాయి. సువార్త కూర్చుంది. ఎస్తేరు చెప్పినట్టే కొట్టింది. ఒకచోట ఆగింది, ఒకచోట వేలు జార్చింది, వెనక్కెళ్ళి దిద్దింది. లోపల ఆమె మనసు ఒక్కో తప్పునీ లెక్కపెట్టుకుంటూనే ఉంది. మానలేకపోయింది.

'మానవ అనుకరణ గుర్తించబడింది. ఈ ఖాతా శాశ్వతంగా యంత్ర వర్గంలో చేర్చబడింది.'

దావీదు కొట్టాడు. అతన్నీ చేర్చింది.

పైన డాక్టరమ్మ అప్పటికి రెండుసార్లు కబురు పంపింది, ఇంక ఆగితే లాభం లేదని.

*

నాగూర్‌బీ కౌంటర్ వదిలి బయటికొచ్చి వాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుంది.

"అక్కా, ఒక దారుంది. చెప్పడానికి నాకు నోరు రావట్లా."

"చెప్పు. ఇంతకంటే ఏముంది."

"మిమ్మల్ని యంత్ర వర్గంలో వేశారు గదా. యంత్రానికి బిడ్డ ఉండదు. ఇప్పుడు పాప రికార్డులో ఎవరూ లేని బిడ్డ కింద వచ్చేసింది. నిర్ధారణ అయిన మనిషి ఎవరైనా నేను తల్లినని ముందుకొస్తే వాళ్ళ పేరున రాసేస్తుంది. మీ సంతకం అక్కర్లా. మీ వేలు కూడా అక్కర్లా. ఆపరేషన్ ఈరోజే అయిపోద్ది."

దావీదు లేచి నిలబడ్డాడు. "వద్దు. పదవే ఇంటికి. మనం బతకట్లా చూపు లేకుండా? ఉద్యోగాలు చెయ్యట్లా? దీనికీ మాస్టార్ని పెడదాం. మహారాణిలాగా పెంచుదాం. బిడ్డని రాసిచ్చుకుని కళ్ళు తెచ్చుకునే ఖర్మ మనకేంది?"

"కూర్చో."

"కూర్చోను."

"కూర్చో దావీదూ. నాకు మాత్రం గుడ్డితనం ఏడుపా? ఎప్పుడన్నా ఏడిశానా? దీనికి చూపు వద్దనుకుంటే, వద్దని నేను అనాలి. కావాలంటే, కావాలని నేను అనాలి. మన ఇద్దరి నోట్లోంచి రావాల్సిన మాట. మనం ఇట్టా తగువులాడుకుంటా కూర్చుంటే దాన్ని ఆ తలుపు తేల్చేస్తది. అట్టా నేను తేల్చనివ్వను." ఊపిరి తీసుకుంది. "ఎస్తేరూ."

"వదినా."

"నువ్వు కొట్టు."

ఎస్తేరు ఏడుస్తోంది. "వదినా, ఇది ఉత్త రికార్డే. ఆపరేషన్ అయినాక మళ్ళీ నీ పేరున మార్పించుకుందాం."

"మార్పించుకోవాలంటే ఎవరి వేలు కావాలే?"

ఎస్తేరు ఫోన్ తీసి శ్రీకంఠ్‌కి చేసింది. సంగతంతా చెప్పింది. అవతల నుంచి అతని గొంతులో నిజమైన ఊరట వినిపించింది.

"చాలా మంచిది. అంటే పాపకి చూపొస్తుందిగా. సమస్య పరిష్కారమైనట్టే."

"ఎవరి సమస్య సార్?"

"అలా కాదమ్మా, మీరు ఆవేశపడుతున్నారు..."

"మా వదిన ఎవరో ఇప్పుడు మీ రికార్డులో చూడండి. చూసి చెప్పండి, ఆమె నాకేమవుతుందో."

ఎస్తేరు ఫోన్ పెట్టేసి ద్వారం దగ్గరికి నడిచింది.

కీబోర్డు ముందు కూర్చుంది. కన్నీళ్ళకి తెర కనపడలేదు, అక్షరాలు తప్పు పడ్డాయి, దిద్దింది, మళ్ళీ తప్పు పడ్డాయి. ద్వారానికి అదే నచ్చింది. 'మానవ స్పర్శ నిర్ధారణ అయింది. బిడ్డకి మీరేమవుతారు? స్పష్టంగా చెప్పండి.'

ఎస్తేరు అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

'స్పష్టంగా చెప్పండి.'

"చెప్పవే," అంది సువార్త, పక్కనే బిడ్డనెత్తుకుని నిలబడి.

"తల్లిని," అంది ఎస్తేరు.

'ధన్యవాదాలు. మీ పక్కన ఉన్న వ్యక్తి నిర్ధారణ కాలేదు. ఆమె ఎవరు?'

ఎస్తేరు తిరిగి వదిన ముఖంలోకి చూసింది. సువార్త ఆ గొంతు వచ్చిన వైపుకే ముఖం పెట్టి, కోర్టులో సాక్షి చెప్పినంత తాపీగా చెప్పింది: "ఎవర్నీ కాదు. టైపు మిషన్ని. బిడ్డని తీసుకుపొమ్మను."

'బిడ్డ నిర్ధారణ అవసరం,' అంది గొంతు. పెద్దవాళ్ళయితే వాక్యం కొట్టాలి. పసివాళ్ళ చేతుల్ని యంత్రాలు ఇంకా నేర్చుకోలేదు కాబట్టి వాళ్ళకి అరచెయ్యి చాలు. నాగూర్‌బీ పాప చేతిని పట్టుకుని ద్వారం పక్కనున్న పలక మీద ఆనించింది. కెజియా వేళ్ళు ఎటుపడితే అటు తచ్చాడాయి, మూసుకున్నాయి, విచ్చుకున్నాయి, గాల్లో దేన్నో వెతికాయి. పలక క్షణం కూడా ఆలోచించలేదు.

'మానవ స్పర్శ నిర్ధారణ అయింది. స్వాగతం.'

తలుపు జరిగింది. ఎస్తేరు చేతులు చాచింది. సువార్త బిడ్డ తల కిందకి తన చెయ్యి పోనిచ్చి, ఆ చేతి కిందకి ఎస్తేరు చెయ్యి తెచ్చి పెట్టి, అప్పుడు తన చెయ్యి తీసుకుంది. "మెడ ఇంకా నిలవదు. జాగ్రత్త," అంది. తలుపు మూసుకుంది.

"రాక్కా, కూర్చో," అంది నాగూర్‌బీ. సువార్త కూర్చోలేదు. దావీదు వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. లోపల ఎక్కడో కెజియా ఏడుపు మొదలుపెట్టింది. ఆపరేషన్‌కి ముందు పాలివ్వకూడదన్నారు, ఆకలి అది. సువార్త తలుపుకి దగ్గరగా జరిగి, చెవి ఆనించి నిలబడింది. ఏడుపు దూరమైపోయి అసలు వినపడకుండా పోయేదాకా ఆమె రవిక ముందుభాగం పాలతో తడుస్తూనే ఉంది. దావీదు చేతికి ఆ తడి తగిలింది. నాగూర్‌బీ కళ్ళారా చూసింది. తలుపు మీద ఉన్న కెమెరా కూడా ఆమె వైపే తిరిగి ఉంది.